దీపం చిల్లు ఎక్కడ?

కోట పూజగదిలోని పాత కంచుదీపం కంచరి మాచమ్మ ముత్తాత పోత పోసింది. పొద్దున్నే నిండా నూనె పోసినా మధ్యాహ్నానికే కొండెక్కుతోందని రాజు మండిపడ్డాడు.

"చిల్లుపడి కారిపోతోంది ప్రభూ! వీళ్ల వంశం పనితనమే అంత" అన్నాడు, పూజగది వ్యవహారాలు చూసే దివాను నరహరి.

"రేపు సాయంత్రానికి బాగుచెయ్యకపోతే మీ కంచరివీధి మొత్తాన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టిస్తాను!" అని రాజు మాచమ్మను పిలిపించి అరిచాడు.

మాచమ్మ దీపం అడుగు తడిమింది. తడి లేదు, జిడ్డు లేదు, చిలుము లేదు. కింద బండ కూడా పొడిగా ఉంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. పళ్లు కొరుక్కుంటూ, "చిల్లు సంగతి నేను చూసుకుంటాను. రేపు నూనె కూడా నేనే పోస్తాను" అంది.

మర్నాడు పొద్దున్నే పోసి వెళ్లింది.

సాయంత్రం కొలువులో రాజు గర్జించాడు. "దీపం మళ్లీ కొండెక్కింది! ఏం చేశావే?"

అంతలో దివాను పొట్ట పట్టుకుని, చెంబు అందుకుని పెరట్లోకి పరుగు లంకించుకున్నాడు.

"నూనెలో సగం ఆముదం కలిపాను దొరా. దివానుగారు దాంతోనే గారెలు వండించుకున్నట్టున్నారు. మా ముత్తాత దీపానికి చిల్లు లేదు. చిల్లు అదిగో, చెంబు పట్టుకుని పరిగెడుతోంది. పూడ్చమంటారా?"