కోడికి పట్టిన చేతబడి

మేడికొండ రాజుగారి పందెంకోడి కూత మానేసింది. దాంతో రాజుగారు అన్నం మానేశారు. అది ఎవరి పనో తేల్చందే ముద్ద ముట్టనని భీష్మించుకు కూర్చున్నారు.

ఇంకేం, ఆస్థాన మంత్రగాడు ఘంటాభైరవుడికి పండగే. పందెం గెలవాలని మొదటినుంచీ కోడికి తాయెత్తు కట్టి, పూటపూటా దాని పక్కన కూర్చుని మంత్రాలు చదువుతున్నదీ ఆయనే. ఇది చేతబడేననీ, చేసింది కోటకు తమలపాకులు తెచ్చే ముసలి సూరమ్మేననీ తేల్చేశాడు. రుజువా? వెనకాముందూ ఎవరూ లేనిది, కొండవాలున ఒంటరిగా ఉంటుంది, తనలో తను గొణుక్కుంటుంది. అంతకన్నా ఏం కావాలి! సభలో తలలన్నీ ఊగాయి. నిన్నటిదాకా ఆమె ఆకులు నమిలిన నోళ్ళే అవన్నీ.

చేతబడి చేసినవాళ్ళకు పళ్ళు ఊడబెరకడం ఆ రాజ్యంలో ఆచారం. భటుడు పటకారు తెచ్చాడు. సూరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రాజుగారికి తాంబూలం అందించే నాగసాని ఇది చూస్తూ ఊరుకోలేకపోయింది. రోజూ తనను నోరారా “అమ్మాయీ” అని పిలిచే మనిషి మరి. కానీ ఆ సభలో జాలి చూపమంటే వినేదెవరు? అందుకని వినయంగా చేతులు కట్టుకుని, పళ్ళే ఎందుకు పీకాలో సెలవియ్యమని భైరవుణ్ణి అడిగింది.

“పళ్ళు లేని నోట మంత్రం పారదు. మా గురువుగారి మాట ఇది, తిరుగులేదు” అన్నాడు భైరవుడు మీసం దువ్వుతూ.

“అవ్వా, ఒక్కసారి కొంగు తీసి నోరు తెరువు” అంది నాగసాని.

సూరమ్మ తెరిచింది. ఉత్త బోసినోరు. మందుకైనా ఒక్క పన్ను లేదు.

రాజుగారు ముందుకు వంగి చూశారు. ఈమె కాకపోతే మరి తమ కోడికి చేతబడి చేసిందెవరని గద్దించారు.

“పళ్ళూ మంత్రాలూ రెండూ ఉండి, పూటపూటా కోడి పక్కన కూర్చున్నవారెవరో తమరే చూసుకోండి ప్రభూ” అంది నాగసాని.

అందరి చూపులూ భైరవుడి మీదకు తిరిగాయి. పటకారు పట్టుకున్న భటుడూ అటే తిరిగాడు. భైరవుడు రెండు చేతులా నోరు మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి లబలబలాడాడు.

“చేతబడీ లేదు, పాడూ లేదు మహాప్రభో! అంతా ఒట్టిదే!”

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. తమ కంకణం తీసి నాగసానికిచ్చి, పళ్ళు పీకే ఆచారాన్ని అక్కడికక్కడే ఎత్తేసి, సూరమ్మను పల్లకిలో ఇంటికి పంపారు. సభంతా ఒకటే నవ్వు. ఇందాక తలలూపినవాళ్ళే అందరికన్నా గట్టిగా నవ్వారు.