గోరంత వాన బోణీ

అనగనగా దుర్ముఖి నామ సంవత్సరంలో, మాఘమాసంలో, చలి ఇంకా వదలని రోజుల్లో, చింతలరేవు అనే ఊళ్ళో జరిగింది ఇది. కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను.

ఆ ఊరి బజారులో ఎదురెదురుగా రెండు కొట్లు ఉండేవి. ఒక కొట్లో వరహాలు ఎండ అమ్మేది. ఇంకో కొట్లో తవిటమ్మ వాన అమ్మేది.

ఎండ ఎలా అమ్ముతారంటావా? చెప్తాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ కాస్తుంది కదా. అప్పుడు వరహాలు పాత నేతచీరలన్నీ పెరట్లో పరిచేది. మిట్టమధ్యాహ్నం వాటిని మడతలు పెట్టేది. మడతలో ఎండ జారిపోకుండా కుండల్లో పెట్టి మూత వేసేది. ఆ తర్వాత ఏడాదంతా ఆ గుడ్డని జానెడో మూరెడో చింపి ఇచ్చేది. చలికి వణికే ముసలివాళ్ళు జానెడు ఎండ కొనుక్కుని వీపు మీద వేసుకునేవాళ్ళు. వడియాలు పెట్టేవాళ్ళు మూరెడు తీసుకెళ్ళేవాళ్ళు.

తవిటమ్మ ఆరుద్ర కార్తెలో వాన పట్టేది. ఎండబెట్టిన ఆనపకాయ బుర్రలు వరసగా చూరుకి కట్టి, నిండగానే మైనంతో మూతి మూసేది. ఆమె దగ్గర గోరంత వాన దొరికేది, చెంబెడు దొరికేది, కడివెడూ దొరికేది. మైనం తీసి బుర్ర వంచితే చాలు, పైన చిన్న మబ్బు పట్టి కురిసేది.

వాన అమ్మేటప్పుడు తవిటమ్మ ఒక పని తప్పకుండా చేసేది. గుమ్మంలో నిలబడి దూదిపింజ ఒకటి ఎగరేసేది. పింజ ఎటు పోతే గాలి అటు ఉన్నట్టు. గాలి మంచి వైపు ఉంటేనే బుర్ర ఇచ్చేది. లేకపోతే "రేపు రా నాయనా" అనేది. వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి అది.

ఇద్దరికీ ముప్ఫై దాటాయి. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. ఎవరైనా అడిగితే కొట్టు చూసుకునేవాళ్ళు లేరనేవాళ్ళు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. కనీసం ఊరు అలా అనుకునేది.

ఒకసారి తవిటమ్మ దగ్గర ఒకావిడ పాదుకి చెంబెడు వాన కొంది. ఆ వాన కాస్తా పక్కింటి వడియాల మీద పడింది. పక్కింటావిడ పరుగున వచ్చి వరహాలు దగ్గర రెండు మూరల ఎండ తీసుకుంది. అప్పుడు వరహాలు వీధిలోకి వినపడేలా, "నీ చెయ్యి చల్లగా ఉండాలి తవిటమ్మా, నీ పుణ్యాన నా కుండలు ఖాళీ అవుతున్నాయి" అంది.

ఇంకోసారి వరహాలు అమ్మిన ఎండకి ఎవరిదో వంగనారు వాడిపోయింది. వాళ్ళు తవిటమ్మ దగ్గరికి పరిగెత్తారు. అప్పుడు తవిటమ్మ, "కాల్చేవాళ్ళుంటేనే కదమ్మా ఆర్పేవాళ్ళకి గిరాకీ" అంది. అదీ ఎదుటి కొట్టుకి వినపడేలాగే.

మూడోది బోణీ గొడవ. పొద్దున్న మొదటి బేరం ఎవరికి తగిలితే వాళ్ళు చేతులు కళ్ళకద్దుకుని, "బోణీ అయింది తల్లీ" అని గట్టిగా అనేవాళ్ళు. రెండో ఆవిడ ఆ రోజు మధ్యాహ్నందాకా మూతి ముడుచుకునే ఉండేది.

అయితే ఒక సంగతి. ఒకసారి వరహాలుకి జ్వరం వచ్చి రెండు రోజులు కొట్టు తెరవలేదు. ఆ రెండు రోజులూ తవిటమ్మ వచ్చిన ప్రతి మనిషినీ, "ఎదురు కొట్టావిడ ఉందా, పోయిందా?" అని అడిగింది. "నీకెందుకే?" అన్నారు వాళ్ళు. "ఊరికే, తెలుసుకుందామని" అంది. మూడో రోజు వరహాలు తలుపు తీయగానే, "వచ్చావా మహాతల్లీ, రెండు రోజులు బజారు ప్రశాంతంగా ఉంది" అంది. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఇప్పుడు బోణీ సంగతి బాగా విను. ఆ కొట్లలో మహత్తు అంతా అమ్మేవాళ్ళ హస్తవాసిలో ఉంది. ఆ హస్తవాసి బోణీ మీద నిలబడుతుంది. రోజూ దీపాలు పెట్టే వేళలోపు ఒక్క బేరమైనా తగలాలి. వరసగా మూడు రోజులు బోణీ కాకపోతే ఆ చెయ్యి చచ్చిపోతుంది. బుర్రలు వట్టి బుర్రలైపోతాయి, చీరలు వట్టి చీరలైపోతాయి.

ఇంకొకటి కూడా ఉంది. ఆ వ్యాపారం చేసే మనిషి సాటి కొట్లో బోణీ బేరం చేస్తే, చేసినవాళ్ళ హస్తవాసి ఆ కొట్టుకి వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు. అందుకే వరహాలు ఎప్పుడూ తవిటమ్మ గడప తొక్కలేదు. తవిటమ్మా వరహాలు గడప తొక్కలేదు.

ఆ మాఘమాసంలో ఒక ఉదయం రేవు దగ్గర పాదులు పెట్టుకున్న ముసలాయన తవిటమ్మ దగ్గరికి వచ్చాడు. కడివెడు వాన కావాలన్నాడు. తవిటమ్మ బుర్ర తీసింది. ఇచ్చింది. ఆయన వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆమె దూదిపింజ ఎగరెయ్యలేదు.

ముసలాయన బుర్ర వంచేసరికి గాలి తూర్పు వైపు ఉంది. తూర్పున పోలయ్య ఉప్పుమడులున్నాయి. మబ్బు పాదుల్ని వదిలేసి మడుల మీదికి పోయింది. అప్పుడే ఉప్పు పేరితే గుట్టలు చేస్తున్నారు. కడివెడు వానా ఆ గుట్టల మీద పడింది. సాయంత్రానికి ఉప్పు లేదు.

పోలయ్య బజారు నడుమ నిలబడి, "ముప్ఫై మందిమి నెల్లాళ్ళు కాళ్ళు కొరుక్కుపోయేలా పని చేశాం. ఈవిడ ఒక్క పింజ ఎగరెయ్యలేకపోయింది" అన్నాడు.

తవిటమ్మ తల వంచుకుని, "తప్పు నాదే పోలయ్యా" అంది. ఎందుకు మరిచిపోయిందో మాత్రం చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి ఆమె కొట్టుకి ఎవరూ రాలేదు. ఆ చేతి వాన దారి తప్పుతుందని ఊరంతా అనుకుంది.

మొదటి రోజు దీపాల వేళ దాటిపోయింది. బోణీ కాలేదు.

వరహాలు తన కొట్లో కూర్చుని అంతా చూస్తోంది. రెండో రోజు తన దగ్గర ఎండ కొన్నావిడతో, "పాపం, ఎదురు కొట్లో గోరంత వాన కొనుక్కోరాదూ" అంది. "నువ్వేనా ఈ మాట అంటున్నది?" అంది ఆవిడ. "నేనే" అంది వరహాలు. ఆవిడ నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. రెండో రోజూ బోణీ కాలేదు.

మూడో రోజు పొద్దున్నే వరహాలు నాలుగు నిండుచీరల ఎండ నెత్తిన పెట్టుకుని ఉప్పుమడులకి వెళ్ళింది. పోలయ్యతో ఏమీ మాట్లాడకుండా చీరలు విప్పి మడుల మీద పరిచింది. మధ్యాహ్నానికి నీళ్ళు ఇగిరి తెల్లగా ఉప్పు పేరింది. పోలయ్య చెయ్యి ముంచి చూసి, "నీకేం కావాలమ్మా?" అన్నాడు.

"తవిటమ్మ దగ్గర ఒక బేరం చెయ్యి."

పోలయ్య చేతిలో ఉప్పు మళ్ళీ మడిలో పోసేశాడు. "నీ రుణం ఎలాగైనా తీర్చుకుంటాను. ఆ గడప మాత్రం ఇవాళ తొక్కలేను. నా మనసు ఇంకా చల్లారలేదు. నాలుగు రోజులు పోనీ."

"నాలుగు రోజులు లేవు" అంది వరహాలు. లేచి వచ్చేసింది.

అప్పటికి పొద్దు వాలింది. ఒకరిద్దరు గూట్లో దీపానికి వత్తి చేస్తున్నారు. తవిటమ్మ బుర్రల మధ్య కూర్చుని ఒక్కొక్కదాన్నే చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. లోపల వాన చప్పుడు అప్పటికే సన్నబడింది.

వరహాలు కాళ్ళు కడుక్కుంది. చాటలో దోసెడు బియ్యం పోసుకుంది. వీధి దాటింది. ఎదురు కొట్టు గడప తొక్కి లోపలికి వెళ్ళింది.

"ఏం కావాలి?" అంది తవిటమ్మ, తల ఎత్తకుండానే. ఆ తర్వాత తల ఎత్తి చూసింది. బుర్ర కింద పెట్టేసింది.

"వాన. గోరంత చాలు."

"నీకేమైనా పిచ్చెక్కిందా? బయటికి నడు."

"బేరానికి వచ్చినదాన్ని బయటికి నడవమంటావా? అందుకే నీ కొట్టు ఇలా ఏడిచింది."

"నీ చెయ్యి పోతుందే వరహాలూ."

"తెలుసు."

"తెలిసి ఎందుకొచ్చావు? నేను అమ్మను. వెళ్ళు."

"బోణీ బేరం తిప్పి పంపకూడదు. మీ అమ్మ నేర్పలేదా?"

బోణీ బేరాన్ని ఏ కొట్టూ తిప్పి పంపదు. పంపితే అంతకన్నా పాపం లేదు. తవిటమ్మ లేచి, "ఆ రోజు నేను పింజ ఎందుకు ఎగరెయ్యలేదో నీకు తెలుసా?" అంది.

"చెప్పు."

"నువ్వు తలంటుకుని అరుగు మీద కూర్చున్నావు. జానెడు ఎండ భుజాన వేసుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నావు. నేను నిన్నే చూస్తున్నాను. ముసలాయన వచ్చిందీ తెలీదు, బుర్ర ఇచ్చిందీ తెలీదు. నా తప్పుకి నీ చెయ్యి ఎందుకు పోవాలి?"

వరహాలు చాట కింద పెట్టింది. "మా ఇంటికి పెరడు లేదనుకున్నావా? జుట్టు ఆరబెట్టుకోడానికి వీధి అరుగే దొరికిందా నాకు? నువ్వు చూస్తావనే కూర్చున్నాను. ఏడేళ్ళుగా అక్కడే కూర్చుంటున్నాను, మొద్దుదానా. అంచేత తప్పులో సగం నాది. త్వరగా ఇయ్యి, దీపాలు పెట్టేస్తున్నారు."

తవిటమ్మ కళ్ళు తుడుచుకుంది. చూరున ఉన్న అన్నిటికన్నా చిన్న బుర్ర తీసింది. గుమ్మంలోకి వచ్చి దూదిపింజ ఎగరేసింది. పింజ నిటారుగా పైకి పోయింది. గాలి లేదు. అప్పుడు బుర్రని వరహాలు చేతిలో పెట్టింది. వరహాలు బియ్యం ఆమె ఒళ్ళో పోసింది.

"బోణీ అయింది తల్లీ" అంది తవిటమ్మ. ఆ రోజు గట్టిగా అనలేకపోయింది.

బియ్యం పోస్తుండగానే వరహాలు కుడిచెయ్యి మోచేతిదాకా చల్లబడింది. వీధికి అవతల ఆమె కొట్లో కుండల మూతలు ఒక్కొక్కటే కదిలి ఆగిపోయాయి. తవిటమ్మ కొట్లో బుర్రలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి.

వాన కొన్నాక విప్పాలి కదా. ఇద్దరూ వీధిలో నిలబడి గోరంత వానని వంచారు. వాన పడింది. వానతోబాటు ఎండ కూడా కాసింది. వరహాలు చేతి మహత్తు వెళ్ళి బుర్రల్లో కలిసింది మరి. పొద్దు గుంకిన వీధిలో తడుస్తూనే నీడలు పడ్డాయి. జనం బయటికి వచ్చి చూశారు. పోలయ్య కూడా వచ్చాడు. ఎవరో ఆకతాయి, "కుక్కకీ నక్కకీ పెళ్ళిరోయ్" అన్నాడు. కుక్కా నక్కా ఎలా ఒకదాన్ని చూసి ఒకటి అరుచుకుంటాయో, వీళ్ళిద్దరూ అలాగే అరుచుకునేవాళ్ళు కదా, అందుకు.

"అవునురా, పెళ్ళే" అంది వరహాలు. "పప్పన్నం రేపు పెడతాం. ఆకు నువ్వే తెచ్చుకో."

ఏమిటే తల్లీ? ఇద్దరూ ఆడవాళ్ళే కదా అంటావా? అవును, ఇద్దరూ ఆడవాళ్ళే. ఒకరికొకరు నచ్చారు. మర్నాడు ఒకరికొకరు పసుపుకొమ్ము కట్టుకున్నారు. ఊరు ఒకరోజు బుగ్గలు నొక్కుకుంది. రెండో రోజు పప్పన్నం బాగుందంది. మూడో రోజు ఎండవాన కొనడానికి వరసలో నిలబడింది. అందరికన్నా ముందు పోలయ్య నిలబడ్డాడు. ఇంటి ముందు బంతిమొక్కలకి చెంబెడు పట్టుకెళ్ళాడు. పింజ ఎగరేసే పని ఆ తర్వాత వరహాలుది. తవిటమ్మని నమ్మకూడదు, ఇప్పటికీ దిక్కులు చూస్తుంది అనేది. అరుచుకోవడం మాత్రం ఇద్దరూ మానలేదు. ఒకే కొట్లో కూర్చుని అరుచుకునేవాళ్ళు, అంతే తేడా.

ఆ వేసవి రోహిణి కార్తెలో వరహాలు చీరలు మళ్ళీ పరిచి చూసింది. మిట్టమధ్యాహ్నం మడతపెట్టింది. విప్పితే లోపల ఏమీ లేదు. మరుసటి ఏడూ పరిచింది. అప్పుడూ లేదు. ఆ తర్వాత ఆ చీరలు కట్టుకోడానికి వాడుకుంది. ఆమె చేతికి హస్తవాసి తిరిగి రాలేదు. కుడిచెయ్యి ఎండాకాలంలో కూడా చల్లగానే ఉండేది. చింతలరేవులో వట్టి ఎండ కొనుక్కునే వీలు ఆ రోజుతో పోయింది. మాఘమాసంలో ముసలివాళ్ళు పొద్దెక్కేదాకా చలికి ఓర్చుకోవలసిందే.

ఎండా వానా ఒక ఇంట,
కుక్కకీ నక్కకీ పెళ్ళంట,
కథ నడిచేది కంచి వెంట,
మనం పడుకునేది మన ఇంట.