చుక్కమ్మవ్వ దోనె ఎక్కిన విధం

కొండల నడుమ తేటేరు పారే అడవిలో, తొలకరి పడిన మూడోనాడు గూళ్ళ కొలువు జరుగుతుంది. ఆ రోజు ఏటి అవతలి ఒడ్డున, ఇప్పచెట్ల మధ్య పెద్ద ఏనుగు నిలబడి ఒక్కొక్కరి పేరూ మూడుసార్లు పిలుస్తుంది. పేరు విన్నవారు ముందుకు వచ్చి, ఈ వానాకాలం తాము తలదాచుకునే చోటు ఏదో తమ నోటితో చెప్పుకోవాలి. ఒకరి తరఫున మరొకరు చెబితే చెల్లదు. మూడో పిలుపుకు కూడా పలకనివారి చోటు, దాన్ని అడిగినవారికి పోతుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చాడంటే కొలువు ముగిసినట్టే. ఆ తరువాత ఎవరు ఎంత బతిమాలినా మళ్ళీ తొలకరి దాకా మాట మారదు.

ఎండాకాలంలో తేటేరు మోకాలి లోతున నడుస్తుంది. తొలకరి తరువాత దాని నడక వేరు. ఈత వచ్చినవారు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించి దిగుతారు. అటువంటి రోజుల్లో అందరినీ దాటించేది నీటికుక్క పోలయ్య. అతని దోనె తాటిమాను తొలిచి చేసిన చిన్నది. అతను కాక మరో ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది.

పోలయ్యకు తన వేగం మీద గొప్ప నమ్మకం. కళ్ళు మూసి తెరిచేలోగా ఇద్దరిని ఎక్కించి, గెడ వేసి, ఏటి నడుమకు చేరేవాడు. "పోలయ్య దోనెలో ఎక్కడమే గాని, ఎక్కుతూ నిలబడటం ఎరగం" అని కుందేళ్ళు మెచ్చుకుంటే, వినలేదన్నట్టు తల తిప్పుకుని మీసాలు దువ్వుకునేవాడు.

ఆ ఏడు కొలువు రోజున తెల్లవారేసరికే నక్క గవరయ్య రేవుకు వచ్చి కూర్చున్నాడు.

"పోలయ్య బావా, ఒక్కడివే ఎంతమందిని చూసుకుంటావు? ముందు తాడు నీకు, వెనక తాడు నాకు. కాస్త పుణ్యం నన్నూ కట్టుకోనీ" అన్నాడు.

"నీకు పుణ్యం మీదికి మనసు మళ్ళిందా గవరయ్యా!"

"వయసు మళ్ళితే మనసు మళ్ళదా బావా."

పోలయ్య నవ్వి, ఎక్కేటప్పుడు దోనె కదలకుండా ఒడ్డు మీది గుంజకు కట్టే వెనక తాడు అతని చేతికిచ్చాడు. సాయం వచ్చినవాణ్ణి అనుమానించడం అతనికి తెలియదు. తెలిసినా అంత తీరిక లేదు.

రెండో విడతలో ముసలి మేక చుక్కమ్మవ్వ రేవుకు వచ్చింది. రెండేళ్ళ కిందట బండ మీద నుంచి జారినప్పటి నుంచి ఆమె ఎడమ వెనక కాలు వంగదు. ఆ కాలిని పక్కకు ఈడ్చుకుంటూ, మిగిలిన మూడింటి మీద నెమ్మదిగా నడుస్తుంది. కొండవాలున రాతి చరియ కింద ఆమె ఉండే అర అడవిలోకెల్లా పొడి చోటు. వారం రోజులు జడివాన కురిసినా అందులో చుక్క కారదు. ఆ కాలితో ఆమెకు తడి బురదలో వానాకాలం గడవదు. అర ఉంటే బతుకు ఉన్నట్టే.

"రా అవ్వా, దూకు!" అన్నాడు పోలయ్య.

"దూకే కాళ్ళే ఉంటే నీ దోనె దేనికి నాయనా, ఏటినే దూకి ఉందును. ఒక్క నిమిషం ఆగు, నేను..."

ఆ నిమిషమే పోలయ్య దగ్గర లేదు. ఆమె ముందు కాళ్ళు రెండూ పట్టుకుని దోనెలోకి లాగాడు. లాగినంతలోనే దోనె వెనక కొస ఒడ్డును వదిలి ఏటి వైపు తిరిగింది. ఒడ్డుకూ దోనెకూ మధ్య జానెడు సందు మూరెడయింది, మూరెడు బారెడయింది. చుక్కమ్మవ్వ నడుం దాకా నీళ్ళలో పడి, తల కూడా ఒకసారి మునిగి, రాయి పట్టుకుని తేలింది.

ఒడ్డున ఉన్నవారంతా గొల్లున నవ్వారు.

"అయ్యయ్యో అత్తా!" అంటూ గవరయ్య పరుగున వచ్చాడు. "నీళ్ళు చూసి బెదిరిపోయావు. బెదిరినవాళ్ళను దోనె ఎక్కించడం ఎవరి తరమూ కాదులే. బావా, అత్త కాలు వెనక్కు లాక్కోవడం చూశావా?"

పోలయ్యకు చూసినట్టే అనిపించింది. పదిమంది నవ్వుతున్నప్పుడు, తప్పు తనది కాదని చెప్పే మాట ఎవరికైనా రుచిస్తుంది.

"చివరి విడతలో చూద్దాంలే అవ్వా. కాస్త ధైర్యం తెచ్చుకో" అన్నాడు.

చుక్కమ్మవ్వ ఒడ్డెక్కి, ఎండ తగిలే చోట కూర్చుని, ఒంటి మీది నీళ్ళు ఆరబెట్టుకుంది.

దోనె వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. కుందేళ్ళు దాటాయి, ముంగిసలు దాటాయి, అడవికోళ్ళు అరుచుకుంటూ దాటాయి. గవరయ్య ప్రతి విడతకూ తాడు చివర కాలితో తొక్కి పట్టుకుని, "జాగ్రత్త తల్లీ, మెల్లగా బాబూ" అంటూ అందరి మెప్పూ పొందాడు. నడుమ నడుమ, అవ్వకు వినపడేటంత గొంతుతో, "పాపం, అత్త రాలేకపోతే ఆ రాతి అర పాడుపెట్టలేం కదా. ఎవరో ఒకరం అడిగి చూసుకోవాలి" అనేవాడు. అతని బొరియ ఏటిగట్టునే ఉంది. ఏటా శ్రావణంలో సగం దాకా నీళ్ళొస్తాయి.

సూర్యుడు ఇప్పచెట్ల కొనలు దాటి పైకి వచ్చేసరికి రేవులో ముగ్గురు మిగిలారు. చుక్కమ్మవ్వ, గవరయ్య, ముళ్ళపంది సన్యాసి. దోనెలో ఇద్దరికే చోటు. మరో విడతకు సమయం చాలదని ఎండే చెబుతోంది.

"ఇంకేముంది బావా, నేనూ సన్యాసీ ఎక్కుతాం" అన్నాడు గవరయ్య. "అత్తను మళ్ళీ ముంచడం మనకు పాపం."

పోలయ్య అవ్వ వైపు చూశాడు. ఆమె పేరు ఏనుగు నోట మూడుసార్లు వినిపించి, ఎవరూ పలకని ఆ నిశ్శబ్దం అతని చెవిలో అప్పుడే మోగింది. అయినా ఏం చేయాలో తోచలేదు.

చుక్కమ్మవ్వ లేచి నిలబడింది.

"అల్లుడూ, నేను బెదిరానన్నావు. నిజమేనేమో. కాని ఒక్క ముచ్చట తీర్చు. నీ ఎడమ వెనక కాలు మడిచి పెట్టుకుని, నాలాగే మూడు కాళ్ళ మీద దోనె ఎక్కి చూపించు. నువ్వు ఎక్కగలిగితే అది నా పిరికితనమేనని సన్యాసి ఎదుట ఒప్పుకుని ఇంటికి పోతాను. కొలువులో నన్ను తలవనక్కర లేదు."

గవరయ్య చెవులు నిక్కించాడు. "మాట తప్పవుగా అత్తా?"

"ముళ్ళపంది సాక్షి."

"నన్నెందుకు ఇరికిస్తారమ్మా" అని సన్యాసి గొణిగాడు. అయినా ముళ్ళు సర్దుకుని చూడటానికి ముందుకు జరిగాడు.

"వెనక తాడు కట్టే ఉందా గవరయ్యా?" అని పోలయ్య అడిగాడు.

"పొద్దుటి నుంచీ చూసుకుంటున్నది ఎవరు బావా? గుంజకు రెండు చుట్లు చుట్టాను. నాలాంటి తేలికవాడికి అదే ఎక్కువ."

అంటూనే అతను కాలు మడిచి, ఒడ్డు మీద మూడు గంతులేసి, దోనె అంచు మీదికి దూకాడు. దూకిన విసురుకు దోనె అటు నెట్టుకుపోయింది. గుంజకున్న రెండు చుట్లూ సరసరా జారి ఊడిపోయాయి. వెనక కొస ఏటిలోకి తిరిగింది. అంచు మీద నిలదొక్కుకోవడానికి నాలుగో కాలు దింపాలని గవరయ్యకు తోచేసరికే అతను నీళ్ళలో ఉన్నాడు. ప్రవాహం అతన్ని ఎత్తుకుని, తిప్పి, ఏటి నడుమ ఇసుక దిబ్బ మీదికి విసిరేసింది.

పోలయ్య నీళ్ళలోకి దూకి సగం దూరం ఈదాడు. దిబ్బ మీద గవరయ్య దగ్గుతూ, తోక దులుపుకుంటూ నిలబడటం చూసి ఆగాడు.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"దెబ్బల సంగతి తరువాత! దోనె ఇటు తే!"

"దోనెలో ఇద్దరికే చోటు. వాళ్ళను దించి నీకోసం వస్తాను. అక్కడే ఉండు, ఏట్లోకి దిగకు."

ఒడ్డుకు తిరిగి వచ్చి, పోలయ్య నీళ్ళలో తేలుతున్న వెనక తాడు అందుకున్నాడు. దాని కొసన ముడి లేదు. ముడి వేసిన గుర్తు కూడా లేదు. పొద్దున్న నుంచీ దాన్ని నిలిపింది గవరయ్య కాలు మాత్రమే. అవ్వ ఎక్కబోయినప్పుడు ఆ కాలు ఏం చేసిందో ఇక ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

"అవ్వా, ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

"పొద్దున్న మునిగినప్పుడు చూశాను నాయనా. నీళ్ళలోంచి చూస్తే గుంజ భలే తేటగా కనిపిస్తుంది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే నమ్ముదువా? బెదిరిపోయిన ముసలిది ఏదో వాగుతోందనుకుందువు."

పోలయ్య తల దించుకున్నాడు. దొంగపని గవరయ్యదే కావచ్చు. అడగకుండా ఆమె కాళ్ళు పట్టి లాగింది మాత్రం తనే. ఇన్నేళ్ళుగా ఎంతమందిని అలా లాగి ఎక్కించాడో, వారిలో ఎందరు పళ్ళ బిగువున ఊరుకున్నారో అతనికి లెక్క తెలియదు.

"అవ్వా," అన్నాడు మెల్లగా, "నువ్వు ఎలా ఎక్కుతావో నువ్వే చెప్పు. నేను అలాగే చేస్తాను."

"ఈ మాట కోసమే ఇందాక ఒక్క నిమిషం ఆగమన్నది. ముందు ఈ రేవు వద్దు. ఇక్కడ ఒడ్డు ఎత్తు, దోనె పల్లం. ఆ మలుపులో నేను రోజూ నీళ్ళు తాగే చదును రాయి ఉంది. ఈ నీటిమట్టానికి దాని అంచూ నీ దోనె అంచూ ఒక్క ఎత్తున నిలుస్తాయి."

పోలయ్య దోనెను మలుపుకు తెచ్చి, రాతి వెంట పొడవునా ఆనించాడు. ముందు తాడూ వెనక తాడూ చెట్టు వేళ్ళకు తనే ముడి వేసి, రెండింటినీ గుంజి చూశాడు. దోనె అడుగున జారకుండా ఎండుగడ్డి పరిచాడు. చుక్కమ్మవ్వ రాతి మీద చతికిలబడింది.

"సన్యాసీ, నువ్వు ముందు ఎక్కి అవతలి పక్క కూర్చో. బరువు సమానంగా ఉంటుంది. నీ ముళ్ళు మాత్రం నా వైపు తిప్పకు."

"అంత మర్యాద నాకూ తెలుసమ్మా" అంటూ సన్యాసి ఎక్కి ఒదిగి కూర్చున్నాడు.

"పోలయ్యా, నువ్వు దోనె నడుమ నిలబడి భుజం ఇవ్వు. నన్ను పట్టుకోవద్దు. నేనే నిన్ను ఆనుకుంటాను."

ఆమె కూర్చున్న చోటు నుంచే ముందు కాళ్ళు రెండూ దోనె మధ్యలో పెట్టింది. పోలయ్య భుజానికి మెడ ఆనించి, శ్వాస తీసుకుని, మంచి కాలు తెచ్చింది. వంగని కాలు రాతి అంచున తట్టుకుంది. పోలయ్య చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయి, అంతలోనే ఆగింది.

"ఎత్తనా అవ్వా?"

"గిట్ట కింద చెయ్యి పెట్టు, చాలు. మోకాలు తాకకు."

అతను అలాగే చేశాడు. కాలు లోపలికి వచ్చింది. ఆమె గడ్డి మీద కుదురుగా కూర్చుని, అటూ ఇటూ కదిలి చూసుకుంది. దోనె ఊగలేదు.

"కూర్చున్నాను. ఇక విప్పు."

ఇంత జరిగినా చెట్టు నీడ బెత్తెడు కూడా జరగలేదు. తొందరపడి ఆమెను ఏట్లో ముంచి, పొద్దున్న తాను పోగొట్టిన సమయం ఇంతకన్నా ఎక్కువేనని పోలయ్యకు తోచింది. తాళ్ళు విప్పి గెడ వేశాడు.

వారు అవతలి ఒడ్డు చేరేసరికి ఇప్పచెట్ల మధ్య ఏనుగు గొంతు వినిపిస్తోంది.

"చుక్కమ్మా!"

దిగడానికి కూడా చదునైన చోటు వెతికి, పోలయ్య దోనె ఆనించాడు.

"చుక్కమ్మా!"

"తొందర పడకు అవ్వా. ముందు ఏ కాలు?"

"మంచిదే ముందు."

"చుక్కమ్మా!" అని మూడోసారి వినిపించింది.

"వచ్చానయ్యా!" అని ఏటి ఒడ్డు నుంచే ఆమె గొంతెత్తి పలికింది. జంతువులన్నీ తిరిగి చూసి దారి ఇచ్చాయి. ఆమె తన నడకన తాను నడిచి వెళ్ళి ఏనుగు ఎదుట నిలబడింది. "కొండవాలున చరియ కింది అర నాది. ఈ వానాకాలమూ అక్కడే ఉంటాను."

"నీదే" అంది ఏనుగు.

పోలయ్య అప్పటికే దోనె తిప్పాడు. దిబ్బ మీద గవరయ్య తడి తోకతో ముందుకూ వెనక్కూ పచార్లు చేస్తున్నాడు. ప్రవాహానికి ఎదురు గెడ వేసుకుంటూ అతని దగ్గరకు చేరేసరికి, సూర్యుడు నడినెత్తి దాటి జానెడు ఒరిగాడు.

"కొలువు ముగిసిందా బావా?"

"ముగిసింది."

"చరియ అర?"

"చుక్కమ్మవ్వదే."

గవరయ్య తోక పిండుకున్నాడు. "పోనీలే. నాకు నా బొరియ ఉంది. సగం తడిసినా సగం పొడే."

పోలయ్య గెడ ఇసుకలో గుచ్చి దోనె నిలిపాడు.

"వచ్చే దారిలో విన్నాను గవరయ్యా. నీ పేరూ మూడుసార్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. నిరుడు గూడు కూలిన సన్యాసి, సగం పొడిగా ఉన్నా చాలునని నీ బొరియ అడిగి పుచ్చుకున్నాడు. రా, ఎక్కు. తాడు నేను పట్టుకున్నాను."

నీతి: సాయపడదలచినవాడు ముందు తాను సాయపడేవారి మాట వినాలి.