సువార్త ఎంచుకున్న కాలేజీ

చీరాలలో సువార్త అనే అమ్మాయి ఉండేది. తెలివైనదే కానీ, తెలియని సంగతి ఎవరినైనా అడగాలంటే ఆమెకు మహా నామోషీ. అడిగితే తక్కువైపోతాననుకునేది. తరగతిలో పాఠం అర్థం కాకపోయినా తలాడించి ఊరుకునేది.

వాళ్ళ అమ్మ ఒక ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు అక్కడ కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి సంబంధం తెగి నిలిచిపోయాయి. రక్తపరీక్షల ఫలితాలు డాక్టరుకు చేరడం లేదు. రోగుల బంధువులు కంగారు పడుతున్నారు. అప్పుడొక ఇంజనీరమ్మాయి వచ్చి, వైర్లు ఒక్కొక్కటే పరీక్షించి, కంప్యూటర్లను కలిపే పెట్టె చెడిపోయిందని కనిపెట్టి, దాన్ని మార్చి అన్నీ నడిపించింది. అమ్మకు అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళిన సువార్త అదంతా కళ్ళారా చూసింది. పెద్దయ్యాక తనూ ఆ పనే చేయాలని ఆరోజే అనుకుంది.

పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షలో ఆమెకు మంచి ర్యాంకు వచ్చింది. ఊరికి దగ్గర్లో ఒక ప్రైవేటు కాలేజీ, ఒక ప్రభుత్వ కాలేజీ ఉన్నాయి. రెండింట్లోనూ సీటు వచ్చేలా ఉంది. తండ్రి ప్రభుదాసు ఆర్టీసీలో కండక్టరు. ఆయన కూతుర్ని కూర్చోబెట్టి, "రెండూ చూసిరా తల్లీ. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే ఆ నెట్‌వర్కింగ్ ఎలా నేర్పుతారో కనుక్కో" అన్నాడు.

సువార్త రెండూ చూసింది. ప్రభుత్వ కాలేజీ గోడలకు సున్నం పెచ్చులూడుతోంది. ల్యాబులో విద్యార్థులు నేల మీద చతికిలబడి, చుట్టూ వైర్లు పరుచుకుని ఏదో చేస్తున్నారు. 'ఇదేం కాలేజీ, చిందరవందరగా!' అనుకుని గుమ్మంలోంచే వెనక్కి వచ్చేసింది. ప్రైవేటు కాలేజీ అద్దంలా ఉంది. అద్దాల గదిలో నెట్‌వర్కింగ్‌కు వాడే కొత్త స్విచ్‌లు, రూటర్లు పచ్చని చిన్న దీపాలతో మెరుస్తున్నాయి. ఎవరినీ ఏమీ అడగకుండానే ఆమె అక్కడ చేరిపోయింది.

తరగతులు మొదలయ్యాయి. అద్దాల గదికి మాత్రం తాళం తీయడం లేదు. సువార్త లోపల మథనపడిందే గానీ నోరు విప్పలేదు. చివరికి ఆమె పక్కన కూర్చునే హరిణి లేచి అడిగింది.

"సార్, ఆ గదిలోకి మమ్మల్ని ఎప్పుడు తీసుకెళ్తారు?"

"అవి చాలా ఖరీదైనవమ్మా. ఆఖరి సంవత్సరంలో ఎలా పనిచేస్తాయో చూపిస్తాం. ముట్టుకోవడం కుదరదు" అన్నాడు లెక్చరరు.

సువార్త ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అన్నం కూడా తినకుండా పడుకుంది. తండ్రి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"చేరేముందు ఈ సంగతి ఎవరినైనా అడిగావా?"

"లేదు నాన్నా. ఇంకా చివరి విడత కౌన్సెలింగ్ ఉందట. ప్రభుత్వ కాలేజీకి మారిపోతాను."

"మళ్ళీ అడగకుండానేనా?"

సువార్త లేచి కూర్చుని, "రేపే వెళ్ళి అడుగుతాను నాన్నా" అంది.

మర్నాడు ఆమె ప్రభుత్వ కాలేజీకి వెళ్ళింది. ల్యాబు గుమ్మం దాకా వెళ్ళాక, అడగాల్సిన ప్రశ్నలు మనసులో ఒకసారి అనుకుంది. ధైర్యం కూడగట్టుకుని లోపలికి నడిచింది. అక్కడ పాఠం చెప్పే నాగరత్నం మేడమ్‌కు నమస్కారం పెట్టి, "మేడమ్, ఇక్కడ నెట్‌వర్కింగ్ పని మా చేతులతో మేమే చేయవచ్చా?" అని అడిగింది.

"చేయవచ్చు. ఈ కాలేజీలో కంప్యూటర్లను కలిపింది మా పిల్లలే. సామాను మాత్రం పాతది" అంది మేడమ్.

సువార్త ఇంకో ప్రశ్న వేసింది. "మరి ఇక్కడ ఇబ్బందులేమిటి మేడమ్?"

ఆమె నవ్వింది. "ఈ మాట ఎవరూ అడగరమ్మా. మూడు తరగతులకూ నేనొక్కదాన్నే. ఒక్కోవారం పాఠం జరగదు. వెంటపడి అడిగేవాళ్ళకే ఇక్కడ చదువు వస్తుంది. ఊరుకునేవాళ్ళు వెనకబడతారు."

సువార్త ఆమెకు కృతజ్ఞతలు చెప్పింది. తర్వాత ప్రైవేటు కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గరికి కూడా వెళ్ళి, శనివారాలైనా అద్దాల గది తెరుస్తారా అని అడిగింది. వీలుపడదని ఆయన మర్యాదగానే చెప్పాడు. అప్పుడామె నిశ్చింతగా ప్రభుత్వ కాలేజీకి మారింది.

"నువ్వూ వస్తావా?" అని హరిణిని అడిగితే, "నాకు ప్రోగ్రామింగే ఇష్టం. ఇక్కడ అది చాలా బాగా చెబుతారు. నేను ముందే కనుక్కున్నాను" అంది ఆ అమ్మాయి. ఆమె అక్కడే చదివి మంచి ప్రోగ్రామర్ అయింది.

ప్రభుత్వ కాలేజీలో సువార్తకు మొదట్లో కష్టమే అయింది. పాఠం జరగని వారాల్లో మేడమ్ వెంటపడి సందేహాలు తీర్చుకునేది. కేబుళ్ళు తప్పుగా కలిపి, విప్పి, మళ్ళీ కలిపేది. చదువు పూర్తయ్యాక విజయవాడలో ఒక కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూకు పిలిచారు. పనిచేయని నెట్‌వర్క్ ఒకటి ముందు పెట్టి, బాగుచేయమన్నారు. మిగతావాళ్ళు గబగబా వైర్లు పీకడం మొదలుపెట్టారు. సువార్త మాత్రం ముందు, "ఇది ఎప్పటినుంచి పనిచేయడం లేదండీ? ఆగిపోయేముందు ఏమైనా మార్చారా?" అని అడిగింది. కంపెనీవాళ్ళు ఒకరి ముఖమొకరు చూసుకుని నవ్వారు. కిందటి రోజు ఒక వైరు మార్చామని వాళ్ళు చెప్పగానే, ఆమె నేరుగా దాన్నే చూసి నెట్‌వర్క్‌ను బాగుచేసింది. ఉద్యోగం ఆమెకే ఇచ్చారు.

నీతి: కాలేజీ ప్రైవేటుదా, ప్రభుత్వానిదా అన్నది కాదు, మనకు కావలసిన చదువు అక్కడ దొరుకుతుందా అన్నదే ముఖ్యం, అది మొహమాటపడకుండా అడిగి తెలుసుకున్నాకే నిర్ణయం తీసుకోవాలి.