రెండో కంటికి అదే దూది

అనగనగా ఒక అడవిలో, ఒక మద్దిచెట్టు తొర్రలో చారలమ్మ అనే ఉడుత ముగ్గురు పిల్లలతో కాపురముండేది. ఆ చెట్టు మొదట్లోనే బూదెమ్మ అనే ముసలి పిల్లి ఉండేది. పిల్లి పంచన ఉడుత కాపురమేంటని నవ్వకండి. బూదెమ్మ కింద కూర్చుంటే పాము అటుకేసి వచ్చేది కాదు. ఆ కళ్ళే పిల్లలకి కాపలా.

ఒకనాడు బూదెమ్మ కుడికన్ను వాచి, పుసి కట్టి, రెప్పలు అతుక్కుపోయాయి. వైద్యం తెలిసిన తాబేలు తాత వచ్చి చూశాడు. ఊటనీళ్ళలో దూది ముంచి, రోజుకి మూడుసార్లు, ఏడు రోజులు తుడవమని చారలమ్మకి చెప్పాడు. ఎడమకన్ను బాగానే ఉంది గానీ దుమ్ముకి నీరు కారుతోంది, దాన్నీ తుడవమన్నాడు. పోతూ పోతూ ఆగాడు.

"ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి తాకించకు, అమ్మాయ్. అన్నిటికంటే అదే ముఖ్యం" అన్నాడు.

దూది కావాలంటే వాగు ఒడ్డున ఉన్న బూరుగు చెట్టు దాకా పోవాలి. చారలమ్మ పొద్దున పోయింది, మధ్యాహ్నం పోయింది, సాయంత్రం పోయింది. పిల్లలకి గింజలు తేవాలి, ఏడిస్తే ఊరుకోబెట్టాలి, మళ్ళీ దూదికి పరుగెత్తాలి. మొదటి రోజు దారిలో గోరింక ఎదురై, తను దూది తెచ్చిపెడతానంది. చారలమ్మ వద్దంది. రెండో రోజూ అడిగింది, వద్దంది. మూడో రోజు అడిగితే చారలమ్మకి రోషం వచ్చింది.

"నా చేతులేం పడిపోలేదులే" అంది.

నాలుగో రోజు సాయంత్రానికి పాపం దానికి కాళ్ళు లేవలేదు. చేతిలో ఒక్క దూదిపింజే మిగిలింది. కుడికన్ను తుడిచింది. వాగు వైపు చూసింది. ఎంత దూరమో! ఈ ఒక్కసారికి ఏం మునిగిపోతుందిలే అనుకుని, ఆ పింజనే మడిచి ఎడమకన్నూ తుడిచేసి పడుకుంది.

మర్నాడు బూదెమ్మ ఎడమకన్నూ అతుక్కుపోయింది.

అది తన దూది వల్లేనని చారలమ్మకి తెలిసిపోయింది. అయినా ఆ సంగతి బూదెమ్మకి చెప్పలేదు. మధ్యాహ్నం తొర్రలోంచి చూస్తే, చెట్టు కింద నుంచి పాము నింపాదిగా పోతోంది. బూదెమ్మకి రెండడుగుల దూరంలో పోయింది. బూదెమ్మ అటు తల కూడా తిప్పలేదు.

పాము పొదల్లోకి పోగానే చారలమ్మ గబగబా దిగింది. దూది సంగతంతా చెప్పి, బూదెమ్మ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది.

బూదెమ్మ మెల్లగా అంది:

"అలిసిపోయావని నీ అడుగుల చప్పుడు వింటేనే తెలిసింది చెల్లీ. ఆ మాట నువ్వే చెబుతావని ఎదురుచూశాను."

చారలమ్మ కళ్ళు తుడుచుకుని గోరింక గూటికి పోయింది. తలొంచుకుని, నావల్ల కావడం లేదు, దూది తెచ్చిపెట్టమని అడిగింది. గోరింక ఒక్క దెప్పుమాట అనలేదు, ఎగిరిపోయింది. మళ్ళీ ఒకటో రోజు నుంచి ఏడు రోజులు. ఈసారి రెండు కళ్ళు. అన్నాళ్ళూ చారలమ్మ పిల్లల్ని తొర్ర దాటనివ్వలేదు, తను కంటినిండా నిద్రపోలేదు. ఎనిమిదో రోజు పొద్దున బూదెమ్మ రెండు కళ్ళూ తెరిచి, ముందుగా పొదల వైపు చూసింది.

నీతి: ఓపిక అయిపోతే నోరు తెరిచి సాయం అడగాలి. అడగడానికి నామోషీపడి పని అరకొరగా చేస్తే, ఆ చాకిరీ రెండింతలై మళ్ళీ మన నెత్తినే పడుతుంది.