చల్లారని బిస్కట్లు

మా గురువమ్మ పేరిందేవమ్మగారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ పని చేస్తుండగా అడిగినవాడికే తట్టాలి. తట్టకపోతే మళ్ళీ గురువారం రమ్మంటారు. తునిలో ఆవిడ పెరటి చుట్టూ అలా ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు ఉన్నారు. పేర్లు నాకు తెలుసు, రాయను.

చైత్రం వచ్చిన కొత్తలో ఒక గురువారం పొద్దున్నే భీమశంకరం కూతురు కౌసల్యని వెంటబెట్టుకుని వచ్చాడు. అత్తవారింట్లో పడరాని పాట్లు పడి రెండేళ్ళ క్రితం పుట్టింటికి వచ్చేసిన పిల్ల. తల్లి లేదు. వచ్చిన దగ్గర్నుంచీ ఈయన ఆ పిల్లని మంచినీళ్ళు కూడా తనంతట తను ముంచుకోనివ్వడు. అన్నం కలిపి పెట్టినంత పని చేస్తాడు. అయినా పిల్ల చిక్కిపోయింది, మాట పడిపోయినట్టు ఉంటుంది. ఆ పిల్లకి ఇప్పుడు పాడేరులో బడిపంతులమ్మ ఉద్యోగం వచ్చింది. సోమవారం వెళ్ళి చేరాలి, లేకపోతే అది ఇంకొకరికి పోతుంది.

"అమ్మా, పంపడం ధర్మమా, దగ్గర ఉంచుకోవడం ధర్మమా? మీరెంత అంటే అంత" అన్నాడు చేతులు కట్టుకుని.

అమ్మగారు విననట్టే, "పిల్ల తల బోసిగా ఉంది. మల్లెమొగ్గలు కోసుకురా నాయనా" అన్నారు.

నూతికి అటొకటి, ఇటొకటి మల్లెపొదలు ఉన్నాయి. మాఘంలో రెండింటికీ నా చేత్తోనే ఆకంతా దూసేశాను, నీళ్ళు ఆపేశాను. మొగ్గ పట్టాలంటే మల్లెకి అలాగే చెయ్యాలి. ఆవేళ ఈ భీమశంకరం చూసి, "పచ్చటి చెట్లని చంపేశారు, అక్కగారూ! మీకు చేతులెలా వచ్చాయి?" అని నలుగురిలో నన్ను అన్నాడు. అంతకు ముందొకసారి నా బిస్కట్లు పంటికింద రాళ్ళన్నాడు కూడా. రెండూ నాకు గుర్తే.

మొగ్గలకని వెళ్ళినవాడు ఒక పొద దగ్గరే దోసెడు కోశాడు. రెండోది ఒత్తుగా, నిగనిగలాడుతూ ఉంది, వెతికినా ఒక్క మొగ్గ లేదు.

"ఇదేమిటి, దీనికి పూత లేదేం?" అన్నాడు.

"గోడవతల నుంచి రోజూ చెంబుడు నీళ్ళు పోసి పోయిన పుణ్యాత్ముణ్ణి అడగండి" అన్నాను నేను. నేను చూడలేదనుకున్నాడు.

ఆయన మొహం వాడిపోయింది. "ఎండిపోతోందని జాలేసిందండీ" అన్నాడు మెల్లిగా.

"సూరమ్మా, నీ పని చూసుకో" అన్నారు అమ్మగారు. చూసుకున్నాను. కానీ అనాల్సింది అనేశాను.

నా పని ఆవేళ నేతి బిస్కట్లు. ఈ పిండిని చపాతీ పిండిలా మర్దించకూడదు, వేళ్ళ కొసలతో దగ్గరికి చేర్చి వదిలెయ్యాలి. అందుకే నోట్లో వేసుకుంటే నమలక్కర్లేకుండా కరుగుతాయి. ఈ ఊళ్ళో నాలా చేసేవాళ్ళు ఇంకొకరు లేరు. ఇసుక పోసిన గిన్నెలో పళ్ళెం పెట్టి, మూత వేసి, సన్నటి సెగ మీద కాల్చి, అంచు రంగు తిరగగానే పళ్ళెం దించి అరుగు మీద పెట్టాను. యాలకుల వాసన పెరడంతా పాకింది. కౌసల్య జడలో మొగ్గలు తురుముకుంటున్నదల్లా ఇటు తిరిగి, "ఎంత బాగుందో వాసన!" అంది. ఆ పిల్ల గొంతు వినడం నాకు అదే మొదలు.

అంతే, భీమశంకరం ఒక్క అంగలో అరుగు దగ్గరికి వచ్చాడు. "ఉండమ్మా, నువ్వు ముట్టుకోకు, కాలుతుంది. నేను ఊది ఇస్తాను" అంటూ ఒక బిస్కట్ ఎత్తాడు. చేతిలోనే పొడయిపోయింది. ఇంకోటి ఎత్తాడు. అదీ అంతే. మూడోది రెండు చేతులా పట్టి, పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తాడు. అది మరీ నలిగింది.

"సరిగ్గా కాలలేదేమో అక్కగారూ" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "కాలాయి! నా చేతివి కాలకుండా దిగవు" అన్నాను. "వాటిని వదిలెయ్యండి. చల్లారితే అవే గట్టిపడతాయి. మీ చేతుల్లో ఏం గట్టిపడతాయి?"

ఆ మాట నేను బిస్కట్ల గురించే అన్నాను. ఆయన మాత్రం పొడి అంటిన చేతులు అలాగే పట్టుకుని నన్ను చూశాడు, నూతి పక్కన మొగ్గలేని పొదని చూశాడు. తరవాత ఆ చేతులు వెనక్కి పెట్టుకుని అరుగుకి దూరంగా జరిగాడు.

కాసేపటికి పళ్ళెం మీద వేడి తగ్గింది. కౌసల్య వచ్చి, ఎవరినీ అడక్కుండా, రెండు వేళ్ళతో ఒక బిస్కట్ తీసింది. చెక్కు చెదరలేదు. కొరికి, కళ్ళు మూసుకుంది.

భీమశంకరం గొంతు సవరించుకున్నాడు. "అయితే పంపమంటారా అమ్మా?"

"నన్నడుగుతావేం?" అన్నారు అమ్మగారు. "అడగాల్సిన మనిషి నీ ఎదురుగా బిస్కట్ తింటోంది."

ఆయన కూతురి వైపు తిరిగాడు. ఆ రెండేళ్ళలో ఆ పిల్లని ఏదైనా అడగడం అదే మొదలనుకుంటాను, మాట దొరక్క తడుముకున్నాడు. "వెళ్తావా తల్లీ?"

కౌసల్య నోట్లోది మింగి, ఒళ్ళో రాలిన పొడి దులుపుకుంది.

"వెళ్తాను నాన్నా. ఎప్పుడడుగుతావా అనే చూస్తున్నాను."

ఆయన కళ్ళొత్తుకున్నాడు. అందరం తేలిగ్గా ఊపిరి పీల్చుకునే లోపలే మళ్ళీ మొదలుపెట్టాడు. "అయితే సోమవారం తెల్లారే నర్సీపట్నం బస్సుందమ్మా. బెడ్డింగు నేను కడతాను. అక్కడ గది ఎలా ఉంటుందో, నీళ్ళు ఎలా ఉంటాయో, పదిరోజులు నేను కూడా వచ్చి..."

అమ్మగారు పళ్ళెంలోంచి ఒక బిస్కట్ తీసి ఆయన అరచేతిలో పెట్టారు.

"బస్టాండు దాకా వెళ్ళు నాయనా. బస్సెక్కకు."