నీలమ్మ మడుగు, నక్క మార్చిన మాట

ఏం చూశావు? చెప్పు. పొగమంచు పొద్దున, కొండ కింద పాడుబడ్డ ఫారెస్టు బంగళా కిటికీలో నీలం వెలుగు చూశావా లేదా? ఆ వెలుగు ముందు ఒక గేదె తల వంచి, కొమ్ము మొనతో మీటలు నొక్కడం చూశావా? చూసి, నవ్వి, పోయి ఉంటావు. నవ్వినవాళ్లకే ఈ కథ.

ఆ గేదె పేరు నీలమ్మ. అడవి సంఘానికి పాలు పోసేది ఆమే, సంతకి మూటలు మోసేది ఆమే. ఎవరి పని ఏమిటో, ఎవరి హక్కు ఏమిటో ఏటా బంగళాలోని కంప్యూటర్‌లో కాగితం తయారుచేసేవాడు నక్క గుర్నాథం. చదవడం రాని జంతువులన్నీ తలలూపి పోయేవి. నీలమ్మకి మాత్రం గుబులు. ఆ కాగితంలోనే ఆమె మడుగు ఉంది. ఎండాకాలం మడుగు లేని గేదెకి తోలు పగులుతుంది, పొదుగు ఎండుతుంది. ప్రాణమంత హక్కుని ఒకడి గోటి కింద పెట్టి కళ్లు మూసుకోవడం ఎలా?

అందుకే నేర్చుకోవడానికి వచ్చింది.

ఆమె కళ్లకి ఆ తెర కూడా ఒక మడుగే. కిందికి దిగే మీట నొక్కితే అక్షరాలు చేపపిల్లల్లా ఒక్కో వరుసా పైకి తేలేవి. మంచు కిటికీలోంచి లోపలికి వచ్చి ఆమె వీపు మీద వాలేది. ఆమె కలలో ఉన్నట్టు చదువుకుంటూ పోయేది.

"దున్నపోతు మీద వాన కురిసినట్టుంది నీ చదువు," అన్నాడు గుర్నాథం.

"వానకి దున్నపోతు వణకదురా. తడిస్తే వణికేది నక్కే."

"అబ్బో! వరుస వరుసా చదవడం ఎందుకక్కా? పాత మాట ఇక్కడ కొట్టు, కొత్త మాట అక్కడ కొట్టు. 'మొత్తం మార్చు' అని నొక్కు. ఒక్క దెబ్బకి కాగితమంతా మారిపోతుంది!"

"మారిందంతా చదివి చూసుకోవాలిగా?"

"చదివేవాడు గుమాస్తా. నొక్కేవాడు మేనేజరు!"

ఆ మధ్యాహ్నం నీలమ్మ నీళ్లలో కళ్లు మూసుకుని ఉండగా, మేనేజరు పని కానిచ్చాడు. 'గేదె' అన్న చోటల్లా 'నక్క' అని మార్చి, అచ్చు తీసి, సంఘానికి పెద్ద అయిన ఎలుగు పెద్దయ్య చేత పంజా ముద్ర వేయించాడు.

సాయంత్రం సంఘం కూడింది. గుర్నాథం కాగితం పైకెత్తాడు. "మడుగు మీద హక్కు నక్కకే! కంప్యూటర్ రాసిందంటే బ్రహ్మ రాసినట్టే. ముద్ర పడ్డాక మార్పు లేదు. అంతేనా పెద్దయ్యా?"

"అంతే," అన్నాడు ఎలుగు.

నీలమ్మ తల ఎత్తి కాగితం కేసి చూసింది. కళ్లలో నీళ్లు కమ్మి అక్షరాలు ఈదాయి. అయినా అలవాటు కొద్దీ చూపు కింది వరుసకి దిగింది. ఆ కింది వరుసకీ దిగింది. అక్కడ ఆగింది.

"పెద్దయ్యా, మిగతాదీ చెల్లుతుందా?"

"చెల్లదా మరి, తల్లీ? చదువు."

"తెల్లవారగానే నక్క పాలు పితకాలి."

కాకి కిసుక్కున నవ్వింది. గుర్నాథం తోక దిగిపోయింది.

"సంత మూటలు నక్క వీపు మీదే వెయ్యాలి. కొంగలు, కాకులు నక్క వీపు మీద వాలవచ్చు. నక్కకు మేత పచ్చగడ్డి, తవుడు."

"ఒరే, చెంబు తెండిరా!" అని అరిచింది మేక.

"అక్కా! మా అక్కవి కదూ! వెనక్కి తిప్పే మీట ఉందిగా, నొక్కవూ?"

"ఆ మీట కంప్యూటర్‌కి ఉందిరా గుర్నాథం. ముద్రకి లేదు."

ఎలుగు గడ్డం గోక్కున్నాడు. "కొత్త కాగితం మీద ఇద్దరూ ఒప్పుకుంటే పాతది చింపుతా. ఎవరు కొడతారు?"

"నేను," అంది నీలమ్మ.

మర్నాడంతా కొట్టింది. కొమ్ము మొనతో ఒక్కో అక్షరం, మంచుబొట్టు ఆకు చివర ఆగి ఆగి జారినట్టు. అంతసేపూ బయట నక్క తవుడు నములుతూ, వీపు మీద కొంగల్ని మోస్తూ నిలబడ్డాడు. పొద్దు వాలేవేళకి పాత కాగితం చిరిగింది, మడుగు మళ్లీ నీలమ్మది అయింది.

నొక్కడం నేర్చినవాడికి పని అవుతుంది, చదవడం నేర్చినవాడికి బతుకు మిగులుతుంది.

మరి నువ్వు? చదవకుండా 'సరే' నొక్కిన కాగితంలో, నీ పేరు ఏ వరుసలో ఉందో చూశావా?